దారి వేయువారెవరు?

మన దేశమున నడచుటకు దారి లేదని విచారించువారు కోట్లకొలదిగ నున్నారు. దారి వేయింపవలయునని యుపన్యసించువారు వేలకొలదిగ నున్నారు. పార పట్టి యొక తట్టెడు మన్ను తీయువారు మాత్రము వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఈ భేదమునకు కారణము బీదతనమా? కాదు. తీఱిక లేకపోవుటయా? అదియును గాదు. చేతిపని నీచమనెడి దురభిమానమొకటియు, ఊరి సొత్తు ఎవరి సొత్తును గాదనెడి యుదాసీనత యొకటియు మన యిండ్లలో తరతరములుగ వేళ్లూనియుండుటయే కారణము. చదువుకొన్నవారి యిండ్లలో నివి తగ్గుటకు మాఱుగ పెరిగినవని చెప్పుటకు నేను వెనుదీయను.

మొదట నన్యదేశపు వృత్తాంతమొకటి విన్నవింతును. ఇంగ్లండులో బ్రిస్టలు, బాత్ అను రెండు పట్టణముల నడుమ పూర్వమొక రైలుమార్గముండెను. 1966లో దానిపై ప్రయాణికుల బండ్లు నిలిచిపోయెను. తరువాత పట్టాలను సయితము పెఱికివేసిరి. మిగిలినవి కంకరయు, ముండ్లపొదలును, ఊరివారు పాఱవేసిన చెత్తయు. 1977లో బ్రిస్టలునందు సైకిలు త్రొక్కు పౌరులు కొందఱు 'సైకిల్‌బ్యాగ్' అను పేర నొక సంఘముగ నేర్పడిరి. మోటారు బండ్ల రద్దీలో కాలినడకవానికిని, సైకిలువానికిని చోటు లేకుండ పోవుచున్నదనుట వారి మొఱ. మన యూరనైనచో నీ మొఱ మహజరుగ వ్రాయబడి, సంతకములు చేయబడి, కచేరీలో నేదో కట్టక్రింద సుఖనిద్ర చేయుచుండును. వారును మొఱ పెట్టుకొనిరి. కాని యంతటితో నూరకుండలేదు. పాడుపడిన యా రైలుకట్టపై పనిచేయుటకు అనుమతి సంపాదించిరి. 1979లో జాన్ గ్రిమ్‌షా అను ఇంజనీరు ముందుండి నడిపింప, స్వచ్ఛంద సేవకులు బాత్ మొదలుకొని బిట్టన్ వఱకు సుమారు 5 మైళ్ల దారిని తమ చేతులతో వేసిరి. 1986 నాటికి రెండు పట్టణములను గలుపు 13 మైళ్ల దారి పూర్తియయ్యెను.

ఈ పనిలో గొప్పతనమేమున్నదని యడుగువారుందురు. వారు పనిని దగ్గఱనుండి చూచియుండరు. రైలుబండి యెత్తులెక్కలేదు గనుక రైలుకట్ట యెచ్చటను నిట్టనిలువుగ నుండదు. ముసలివాడును, బిడ్డను వెంటబెట్టుకొన్న తల్లియు నాయాసము లేక నడువదగినంత సమముగ నుండును. వంతెనలును, సొరంగమును పూర్వులు కట్టియుంచినవే. అట్లని యది యూరకయే దారి కానేరదు. పొదలను మొదలంట నఱకవలయును. గుట్టలుగ నున్న కంకరను సరిచేయవలయును. నీరు దారికి మొదటి శత్రువు. కనుక నడుమ నించుక యెత్తుగను, అంచులు వాలుగను ఉండునట్లు తీర్చి, ప్రక్కల కాలువలు త్రవ్వి, పైని రాతిపొడి పఱచి, బరువైన దిమ్మెతో నణపవలయును. దారి తగినంత వెడల్పుగ లేనియెడల నెదురెదురుగ వచ్చు సైకిళ్ల నడుమ పాదచారి నలిగిపోవును. ఇన్నిటికి లెక్క కావలయును, కొలత కావలయును, ఓర్పు కావలయును. ఒకనాడు చేతులు బొబ్బలెక్కిన పట్టణవాసికి, ఆ దినము మొదలు వీధిలో గుంట త్రవ్వు కూలివానిని చూచునపుడు కన్ను మాఱును. నా దృష్టిలో దారి కంటె నిదియే పెద్ద ఫలము.

ఇంకొక ఫలము కలదు. 2008లో ఆ దారిని బస్సుల మార్గముగ మార్చవలయునని యధికారులు తలపెట్టిరి. వెంటనే జనులు పెద్ద యెత్తున నెదిరించిరి. ఆ తలపు మూలబడెను. తాము వేసిన దారి, తమ బిడ్డలు నడచు దారి యగుటచేత వారికట్టి పట్టుదల కలిగెను. కంట్రాక్టరు రాత్రికిరాత్రి వేసిపోయిన దారిని మఱియొక కంట్రాక్టరు పగలే త్రవ్వుకొనిపోయినను మనము కిటికీనుండి చూచుచుందుము గాని నోరు మెదపము. తన చెమట పడనిచోట మమకార మెట్లు పుట్టును?

ఆ సంఘమే పిమ్మట ధర్మసంస్థగ నమోదై, సస్ట్రాన్స్ అను పేర పెరిగి, దేశమంతటను సైకిలు దారుల వలయమును పన్నెను. 2020లో వారు చేసిన పనిని మన సంఘములవారు ముఖ్యముగ గమనింపవలయును. తమ పట్టికలోని దారులలో నాలుగవ వంతునకు చేరువైనవి మోటారు రద్దీవలన సురక్షితములు గావని తామే యొప్పుకొని, వానిని తొలగించుకొనిరి. ఆ పిమ్మటను 12,000 మైళ్లకు పైబడి మిగిలినది. సంఖ్యలను పెంచి చూపుటయే సేవయని తలచు మన సభాధ్యక్షులకు ఇట్టి నిజాయితీ మింగుడుపడునా?

ఇక ప్రతిపక్షుల వాదములను విచారింతము.

"పన్నులు కట్టుచున్నాము, దారులు వేయుట ప్రభుత్వపు పని" యనుట మొదటి వాదము. పని ప్రభుత్వముదే, సందేహము లేదు. రహదారులు వాహనములకొఱకు గాక మనుష్యులకొఱకని చెప్పు పట్టణ రవాణా విధానమును భారత ప్రభుత్వము 2006లోనే ప్రకటించినది. ప్రకటించిన పదునాఱేండ్లకు, 2022లో, మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణింపగా వారిలో 32,825 మంది పాదచారులు. దినమునకు సుమారు 90 మంది! వీరు యుద్ధమునకు పోయినవారు గారు. పాలకొఱకు, పనికొఱకు, బడికొఱకు బయలుదేరినవారు. ప్రభుత్వపు పనియని చెప్పి చేతులు కట్టుకొని కూర్చుండుటకు ఈ సంఖ్య మనకు సెలవిచ్చుచున్నదా? సేవకులు పార పట్టినంత మాత్రమున ప్రభుత్వపు బాధ్యత తీఱిపోదు. దానికి తప్పించుకొను సందు మూసికొనిపోవును. బ్రిస్టలులో జరిగినదదియే. "ఈ కట్టపై దారి సాధ్యము గాదు" అనుటకు 1979 తరువాత నెవరికిని నోరు రాలేదు. సాధ్యమైన దారి కన్నులయెదుటనే యుండెను.

ఐనను ఇచ్చట నొక గీత గీయవలయును. గీయకున్నచో నా వాదము క్రూరమగును. 2020లో సాలూరు మండలపు కొదమ ప్రాంతమున గిరిజనులు తమలో తాము చందాలు వేసికొని, కొండను త్రవ్వి, దారి వేసికొనిరి. పురిటి నొప్పులు పడు స్త్రీని డోలీలో మోసికొనిపోవలసిన దుర్గతిచేత వారాపని చేసిరి. ఆ వార్త చదివి, పట్టణములలో మెత్తని కుర్చీలపై గూర్చుండి, "ఆహా, ఎంతటి స్వావలంబనము!" అని మెచ్చుకొన్న పెద్దమనుష్యులు కలరు. అయ్యా, అది మెచ్చుకొనదగిన వేడుక గాదు. మనము తల వంచుకొనవలసిన నేరము. ఆసుపత్రికి దారి లేనివాడు తన దారి తాను వేసికొనుట నిర్బంధము. తీఱికయు, పుష్టియు, ఊరి ప్రక్కనే వ్యర్థముగ పడియున్న కట్టయు గలవాడు దారి వేయకుండుట సోమరితనము. మొదటివానికి మనము శ్రమదానమును బోధింపరాదు, వానికొఱకు ప్రభుత్వముతో పోరాడవలయును. బోధ కావలసినది రెండవవానికి. ఆ రెండవవాడు మనమే.

"ఇది వెట్టిచాకిరికి క్రొత్తపేరు గదా" యనుట రెండవ వాదము. వెట్టి యెట్టిదో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. దొర గడీ ముంగిట కూలి లేక పనిచేసిన తాతల కథలు తెలంగాణమున నేటికిని వినవచ్చును. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు దానికి విరుద్ధముగ పాటుపడిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము దానిని నిషేధించినది. కాని వెట్టిలో పని చేయువాడొకడు, ఫలము తినువాడింకొకడు. రానని చెప్పు స్వేచ్ఛ యుండదు. స్వచ్ఛంద సేవలో రాననువానిని రప్పించువాడు లేడు. వేసిన దారిపై వేసినవాడే నడచును. ఈ రెండు లక్షణములలో నేది లోపించినను అది వెట్టియే. విద్యార్థులను మార్కుల భయమున తోలుకొనివచ్చి త్రవ్వించుట శ్రమదానము గాదు. పేటలోని పాకీవారిని పిలిచి పని చేయించి, తాము గొడుగు నీడను నిలిచి ఫోటో తీయించుకొనుట యంతకంటెను గాదు. గాంధీ జయంతినాడు క్రొత్త చీపుళ్లు, తెల్లని చేతొడుగులు, గంటసేపు ఊడ్పు, పిమ్మట ఉపాహారము! ఈ నాటకము చూచిచూచియే జనులకు సేవయన్న రోత పుట్టినది.

"కూలివాని నోటి కూడు తీయుదురా" యనుట మూడవ వాదము. ఇది దయతో గూడినది గనుక గౌరవముతో బదులు చెప్పవలయును. కూలి యిచ్చు పనిని ఉచితముగ చేసి కూలివానిని వెడలగొట్టుట తప్పే. కాని యెవడును చేయింపని పనికి కూలి యెక్కడిది? ఇంగ్లండులో మొదట సేవకులు చేసి చూపిన పనిని 1980 తరువాతి సంవత్సరములలో ప్రభుత్వపు ఉపాధి పథకముల క్రింద నిరుద్యోగులకు వేతనమిచ్చి పెంచిరి. సేవ కూలికి ద్వారము తెఱచినది గాని మూయలేదు.

"ఈ యెండలలో ఎవరు నడతురు? ఎవరు సైకిలు త్రొక్కుదురు?" అనుట నాలుగవ వాదము. ఇది కారులో నుండి పుట్టిన వాదము. 2011 జనాభా లెక్కలలో, సేద్యము, ఇంటి పరిశ్రమ గాక యితర పనులకు పోవువారిలో నూటికి 22 మందికి పైగా కాలినడకనే పోవుచుండిరి. 13 మంది సైకిలుపై పోవుచుండిరి. మీ యింటి కావలివాడు, మీ పాలవాడు, మీ వంటమనిషి నడచియే వచ్చుచున్నారు. మీ కంటికి వారు పాదచారులుగ కనబడలేదంతియే. ప్రభుత్వమునకు ధనము లేదనుటయు నిజము గాదు. 2023లో హైదరాబాదు వెలుపలి వలయరహదారి ప్రక్క, సూర్యశక్తి పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసిరి. మంచిదే. కాని బస్తీనుండి పనికి పోవు సైకిలువానికి ఆ నీడ యెప్పుడు దక్కును?

స్త్రీల మాట వేఱుగ చెప్పవలయును. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి చేరు బాలికలకు సైకిళ్లు కొనుటకు ధనమిచ్చెను. తరువాత కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలింపగా, దానివలన బాలికల చేరిక నూటికి 30 వంతులకు పైగ పెరిగినట్లు తేలెను. బడి దూరమైన యూళ్లలోనే ఫలము మిక్కుటమయ్యెను. ఒక సైకిలు చేసిన పనిని ఎన్ని యుపన్యాసములు చేయగలవు? అయితే సైకిలు చేతికిచ్చి లారీల నడుమకు తోలుట యేమి న్యాయము? నిర్భయమైన దారి లేనియెడల తండ్రి సైకిలును అటకమీద పెట్టి, కూతురిని ఇంట కూర్చుండబెట్టును. స్త్రీవిద్య కావలయునని తీర్మానించు గృహస్థులారా, బడివఱకు దారి లేని విద్య యెంత దూరము పోవును?

మనకు చోటు లేదా? గోదావరి, కృష్ణా డెల్టాలలో కాలువ గట్లు కలవు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసిన పిమ్మట, ఆ గట్లమీదనే మన పూర్వులు త్రాళ్లతో పడవలను లాగుచు నడచిరి. పడవలు పోయినవి, గట్లు నిలిచినవి. నేడు వానిలో పెక్కింటిపై చెత్తయు, తుమ్మలును రాజ్యమేలుచున్నవి. ఊరూర చెరువు కట్టలును కలవు. కాని యొక హెచ్చరిక. గట్టుపై గుడిసె వేసికొని బ్రదుకుచున్న పేదను వెడలగొట్టి వేయు దారి దారి కాదు, దౌర్జన్యము. ముందు వానితో మాటలాడవలయును. వాని వాకిటిని కలుపుకొని దారి వేయవలయును. నీటిపారుదల శాఖవారి అనుమతి పొందవలయును. గట్టును బలహీనపఱుచు త్రవ్వకము చేయరాదు. తెలిసిన ఇంజనీరు నొకనిని వెంటబెట్టుకొనవలయును. సైకిలువాడు గంట మ్రోగించి, పాదచారిని ముందు పోనిచ్చు మర్యాదను తొలినాడే నేర్పవలయును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేసిన పిమ్మటి పని. ఒక వానకాలము చాలును, పొదలు మరల దారిని మ్రింగుటకు. అమెరికాలో 1921లో బెంటన్ మెకై తలపెట్టగా 1937లో పూర్తియైన అప్పలేచియను కాలిబాట 14 రాష్ట్రములగుండ సుమారు 2,190 మైళ్లు పోవును. దానిని నేటికిని ప్రధానముగ స్వచ్ఛంద సంఘములే భాగములుగ పంచుకొని కాపాడుచున్నవి. తాతలు వేసిన బాటను మనుమలు శుభ్రము చేయుచున్నారు. మనమో, శంకుస్థాపన ఫలకమును మాత్రము శాశ్వతముగ చేసి, దారిని వానకు వదలుదుము.

చదువరులారా, మహజరు వ్రాయుట మానవలదు. వ్రాసిన చేతితోనే పారయు పట్టుడు. మీ యూరి గట్టున నొక్క ఫర్లాంగు చాలును. నెలకొక యుదయము, ఇంటి యజమానియు, ఇల్లాలును, చదువుకొను పిల్లలును, కులభేదము పాటింపక కలిసి పనిచేయుడు. ఒకే కుండలోని నీరు త్రాగుడు. ఆ ఫర్లాంగు పూర్తియైన నాడు దానిని కొలిచి, రెండవ ఫర్లాంగునకు బాధ్యులెవరని పురపాలక సంఘమువారిని సభలో నిలిచి యడుగుడు. ఆనాడు మీ ప్రశ్నకు బదులు చెప్పక తప్పించుకొనుట వారికి సులభము గాదు.