అదృష్టమను నింద

ఛాయాచిత్రములను వృత్తిగా గాక వేడుకగా తీయువారినిగూర్చి మనలో నొక దురభిప్రాయము ప్రబలియున్నది. వారు చక్కని చిత్రము నొకదానిని చూపినచో, ‘ఏదో అదృష్టవశమున పడినది’ అని పెదవి విఱచుటయే రసజ్ఞత యనుకొనువారు పెక్కుమంది. ఈ మాటను మేము ఖండింపదలచితిమి. ఏలయన నిది చిత్రమునే గాక, దానిని చూచిన కంటిని గూడ నవమానించుచున్నది.

తెనాలిలో మే మెఱిగిన యింట నొక బాలిక యున్నది. ఆమె తండ్రిగారి సెల్ ఫోనుతో కాలువగట్టున నొక చిత్రము తీసినది. ఊరి నడుమ పాఱు కాలువ ఆ చిత్రమున నొక మూలనుండి యెదుటి మూలకు ఏటవాలుగా సాగినది. గట్టుమీది సైకిలువాడు సరిగా మధ్యమున గాక, పోవుదిక్కున తావు మిగులునట్లు ఒక ప్రక్కగా నున్నాడు. పెద్దలు చూచి, ‘సైకిలువాడు అదృష్టవశమున వచ్చినాడు’ అనిరి. అదే చిత్రమును ఆమె యన్న తీసియున్నచో, ‘మావానికి మంచి కన్నున్నది’ అనియుందురు. ఇది మా యూహ గాదు. అతడు తీసిన సామాన్యచిత్ర మొకటి పటము కట్టబడి ఆ యింటి గోడపై వ్రేలాడుచున్నది. బాలికది ఫోనులోనే యున్నది.

సైకిలువాడు వచ్చుట యదృష్టమే యగుగాక. అతడు వచ్చుసరికి కాలువ యేటవాలుగా కనబడు చోటు నెదకి యామె నిలిచియుండుటయు నదృష్టమేనా? అతడు నడుమకు రాకమునుపే మీట నొక్కుటయు నదృష్టమేనా?

వర్ణవిషయమునను మన తీర్పు లిట్లే యున్నవి. బాపట్లకు సమీపముననున్న సూర్యలంక తీరమున, తెల్లవాఱకమునుపు కడలియు, ఇసుకయు, ఆకసమును దాదాపు నొక్క బూడిదవన్నెలో నుండును. అందొక్క యెఱ్ఱని పడవ చాలును. ఆ బూడిదవన్నె నెల్ల నీలము చేసి, ఆకసమునకు కుంకుమ పులిమినచో పడవ యెఱుపు చచ్చును. ఈ పులుముడే మన యాడుబిడ్డల మొగములకును తప్పుట లేదు. చామనచాయ పిల్లను పాలవలె తెల్లగా మార్చి, ఆ చిత్రమును పెండ్లివారికి పంపుచున్నారు. దానిని చూచుకొన్న పిల్లకు తన యొడలిపై తనకే రోత పుట్టదా?

ఇక నదృష్టము మహాశాస్త్రజ్ఞులకును తోడ్పడినది. 1861లో మాక్స్‌వెల్లు, రంగుల చాఱలుగల యొక రిబ్బనును ఎఱుపు, ఆకుపచ్చ, నీలపు ద్రావణములగుండ వేఱువేఱుగా తీయించి, మూడు చిత్రములను తెఱపై నొక్కటిగా కలిపి లండనులో వర్ణచిత్రమును చూపెను. నిజమునకు ఆనాటి ఫలకములకు ఎఱుపు వెలుగును గ్రహించు శక్తి లేదు. రిబ్బనులోని యెఱుపు, కంటికి కనబడని యతినీలలోహిత కిరణములను గూడ ప్రతిఫలించుటయు, ఆ కిరణములు ఎఱుపు ద్రావణముగుండ దాటుటయు దైవికముగా కలిసివచ్చినవని నూఱేండ్లకు, 1961లో, తేలినది. అందుచే మాక్స్‌వెల్లు నెవ్వరైన చిన్నచూపు చూచిరా?

అదృష్టమొక్కటియే చాలునని మేమనము. రేపల్లె పోవు రైలు కిటికీనుండి వరిచేల నేబది చిత్రములు తీయవచ్చును. ఒకదాని కొక స్తంభ మడ్డము వచ్చును. ఇంకొకటి కుదుపునకు చెదరును. అదృష్టము తెచ్చిపెట్టిన మంచిదానిని గుర్తించి, తక్కిన నలుబదితొమ్మిదింటిని మోహము లేక తుడిచివేయుటకు వివేకము కావలయును. అట్టి వివేకము లేనివానికి అదృష్టము వచ్చియు ప్రయోజనము లేదు.

కావున గృహస్థులారా! మీ పిల్ల చిత్రమును చూపినప్పుడు, ‘ఎచ్చట నిలిచితివి? ఎంతసేపు కాచితివి? ఇన్నింటిలో దీనినే యేల యేఱితివి?’ అని యడుగుడు. ప్రత్యుత్తరము చెప్పుకొనుటలోనే ఆమె చూచుట నేర్చుకొనును. వినుటలో మీరును నేర్చుకొందురు. ఆ తెనాలి యింటి గోడపై నింకొక పటమునకు చోటున్నది.