చేతినొప్పియు, కూలివాని విశ్రాంతియు

కొనకనమిట్ల ప్రాంతపు పలకల కార్మికుడొకడు మొన్న మాయొద్దకు వచ్చి, అర్జీపై సంతకము చేయబోయి, కలము పట్టలేక వేలిముద్ర వేసెను. అతడు చదువురానివాడు కాడు. ఇరువదియేండ్లుగా మార్కాపురపు షెడ్డులలో ఉలియు సుత్తియు పట్టి రాతిని పొరలుగా చీల్చినవాడు. "నరము పట్టినదండీ" అనెను. ఈ మాటను మిరపకాయల కోతలకు పోవు స్త్రీలనోటను పలుమారులు వింటిమి.

పట్టినది నరము కాదు. కండరమును ఎముకకు బంధించు త్రాడువంటి భాగమును వైద్యులు టెండన్ అందురు. ఒకే కదలికను దినమంతయు బలముతో చేయుచున్నచో ఆ త్రాడు దెబ్బతినును, లేదా దాని తొడుగు మందమై బిగిసిపోవును. బొటనవ్రేలి మొదట వచ్చు ఈ వ్యాధిని స్విట్జర్లండు శస్త్రవైద్యుడు డి క్వెర్వేన్ 1895లో వర్ణించెను. ఇటలీ వైద్యుడు రమజ్జిని 1713లోనే వ్రాయసగాండ్ర చేతినొప్పిని గూర్చి వ్రాసియున్నాడు గనుక, మా వృత్తివారును దీనిని తేలికగా చూడరాదు. బొటనవ్రేలిని పిడికిలిలో మడిచి, మణికట్టును చిటికెనవ్రేలివైపు వంచినపుడు బొటనవ్రేలి మొదట చురుక్కున నొప్పిపుట్టినచో ఈ వ్యాధిని అనుమానింపవలెను.

చికిత్సలో పెద్ద రహస్యమేమియు లేదు. నొప్పి తెచ్చు కదలికను ఆపవలెను. బొటనవ్రేలు, మణికట్టు కదలకుండ కొన్నివారములు పట్టీ కట్టవలెను. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పది పదునైదు నిమిషములు ఉంచవచ్చును. నొప్పి తగ్గుకొలది వ్యాయామముతో చేతికి బలము తేవలెను. నొప్పిమాత్రలను నెలలతరబడి మ్రింగినచో కడుపు, మూత్రపిండములు చెడును. స్టెరాయిడు సూదిమందు బొటనవ్రేలి వ్యాధికి బాగుగా పనిచేయును. మోచేతినొప్పికి మాత్రము కొన్నివారములే ఉపశమనమిచ్చును, ఏడాది గడచుసరికి సూది వేయించుకొననివారే మెరుగుగా నుందురు. వాతలు పెట్టించుకొనువారు మనలో నేటికిని కలరు. వాతవలన పుండు తప్ప ఫలము లేదు. మా పశ్చిమప్రాంతపు ఊళ్ళు కొన్నింట నీటిలో ఫ్లోరైడు హెచ్చు. దానివలనను కీళ్ళు నొచ్చును గనుక వైద్యునిచే నిర్ణయము చేయించుకొనుట అవసరము. వ్రేళ్ళు తిమ్మిరెక్కినను, వాపుతో జ్వరము వచ్చినను ఆలస్యము కూడదు.

అయితే ఈ వైద్యమంతయు విశ్రాంతి యను ఒక్క మాటపై నిలిచియున్నది. చీల్చిన పలకల లెక్కకు కూలి పుచ్చుకొనువాడు ఆరువారములు చేయి ముడుచుకొని కూర్చున్నచో ఇంట పొయ్యి ఎట్లు వెలుగును? అందుచే అతడు సూది వేయించుకొని మరునాడే సుత్తి పట్టును. దానిని అజ్ఞానమని నిందించుట న్యాయము కాదు. ఇ.ఎస్.ఐ. వర్తించుచోట జబ్బుపడిన కార్మికునకు ఏడాదికి 91 దినములవరకు వేతనములో 70 శాతము ముట్టును. సాధారణముగా పదిమందికి తక్కువైన షెడ్డులకు ఆ రక్ష లేదు.

చట్టపుమాట చెప్పెదము. 1923 నాటి కార్మిక నష్టపరిహారపు చట్టము మూడవ అనుబంధమున రాతిధూళివలన వచ్చు సిలికోసిస్‌కు చోటు దొరకినది. సుత్తిదెబ్బలవలన చెడిన చేతికి దొరకలేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఆ లోపమును దిద్దలేదు. అంతర్జాతీయ కార్మికసంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల పట్టికలో మణికట్టు, మోచేతి వ్యాధులు స్పష్టముగా నున్నవి. కేంద్రప్రభుత్వమువారు వాటిని మన అనుబంధమున చేర్చుటకు ఇంకెంతకాలము కావలెను?

యజమానులు చట్టముకొరకు కాచుకొననక్కరలేదు. ఉదయము చీల్చినవానికి మధ్యాహ్నము ఏరుట, లెక్కించుట వంటి పని ఈయవచ్చును. సుత్తి పిడిని లావుగా, పట్టుకు అనువుగా చేయింపవచ్చును. గంటకొకమారు కొలది నిమిషములు చేయి దింపుకొననిచ్చుటకు ఖర్చెంత? ఇది దయాధర్మమని మేము అడుగుటలేదు. నేర్పుగల పనివాని చేయి పోయినచో షెడ్డుకును నష్టమే.

మాయొద్దకు వచ్చిన కార్మికుడు అర్జీలో పరిహారము కోరలేదు. కూలి తగ్గింపక ఆరువారములు తేలికపని ఇప్పింపుమని మాత్రమే కోరినాడు. ఆ అర్జీని కార్మికశాఖవారికి పంపితిమి.