చూసొద్దాం రండి: తరంగంబాడి

షష్టిపూర్తికి తిరుక్కడైయూరు వెళ్ళే మన బెంగళూరు కుటుంబాలు చాలావరకు అటునుంచి అటే తిరిగొచ్చేస్తాయి. ఈసారి ఇంకో పది కిలోమీటర్లలోపే ఉన్న తరంగంబాడి కూడా చూసి రండి. సముద్రపుటొడ్డున డెన్మార్కు వారి డాన్స్‌బోర్గ్ కోట ఉంది. 1620లో వారికి అక్కడ చోటిచ్చిందెవరో తెలుసా? తెలుగులో కావ్యాలు రాసిన తంజావూరు రఘునాథ నాయకుడు! డెన్మార్కు రాజుకు ఆయన బంగారు రేకు మీద పంపిన లేఖ నేటికీ కోపెన్‌హాగెన్‌లో భద్రంగా ఉంది. 1845లో డెన్మార్కు వారు ఊరిని ఇంగ్లీషు వారికి అమ్మేశారు. పక్కనే ఉన్న మాసిలామణినాథుని పాత గుడిలో చాలా భాగాన్ని సముద్రం మింగేసింది.

"మనవాళ్ళు ఇంత దూరం వచ్చారా నాన్నా?" అంది మా అమ్మాయి, కోట మీద నిలబడి.

"మనమూ వచ్చినవాళ్ళమే కదమ్మా!" అన్నాను.

పిల్లలకు ఈ కథ అక్కడే, ఆ అలల ముందే చెప్పండి.