ఉప్పు డబ్బా, చెప్పు దెబ్బ

మా నాచారంలో తొలకరి పడగానే ఇళ్ళల్లో ఉప్పు ఖర్చు పెరుగుతుంది. ఆవకాయకు కాదు లెండి. గోడవార పాకివచ్చే ప్రతి మెత్తటి ప్రాణి మీదా గుప్పెడు ఉప్పు విసరడం మా పేటలో ఆచారం. మెత్తటిది కాకపోతే చెప్పు దెబ్బ! వచ్చినదెవరో, ఏ వంశానిదో విచారించే తీరిక ఎవరికుంది? అందుచేత ఈ వారం నేనే ఆ వంశావళి విప్పుతున్నాను.

జంతుజాతులలో నూటికి 95కు పైగా వెన్నెముక లేనివే. మనమూ, ఆవూ, కాకీ, కప్పా, చేపా అందరం కలిసి మిగిలిన చిల్లరలోకి వస్తాం.

ముందు వానపాము. ఒళ్ళంతా ఉంగరాలు. కాళ్ళు లేవుగాని, వేలితో నిమిరితే సన్నటి గరుకు తగులుతుంది. ఆ ముళ్ళే మట్టిలో దానికి పట్టు. ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఉప్పు ఆ తడినే లాగేస్తుంది కనుక పాపం గిలగిల కొట్టుకుంటుంది. నెత్తురు మాత్రం మనలాగే ఎర్రన, మనలాగే హీమోగ్లోబిన్ వల్లనే. చెరువు జలగ దీని దాయాది. పైకి ఉంగరాలెన్ని కనిపించినా, లోపలి ఖండాలు ముప్ఫై పైచిలుకే.

నత్త కూడా మెత్తనిదే, ఉప్పుకు అదీ చస్తుంది. అయినా వానపాముకూ దానికీ పోలికే లేదు. ఉంగరాలు లేవు, పొట్ట కిందంతా ఒకటే పాదం. నాలుక ఆకురాయిలా ఉంటుంది, వేలకొద్దీ పళ్ళతో ఆకును గీకి తింటుంది. ఒంటి మీది పొర సున్నం ఊర్చి ఇల్లు కడుతుంది. ఉప్పల్లో ఈ రోజుల్లో ఇల్లు కట్టినవారికే తెలుస్తుంది దాని ఘనత! చెరువు నత్తకైతే ఆ ఇంటికి తలుపు కూడా ఉంది. నీళ్ళలో ఉంటే మొప్పతో, గట్టెక్కితే తిత్తితో ఊపిరి తీసుకుంటుంది. ఆల్చిప్పా, ఆక్టోపస్సూ దీని చుట్టాలు. సముద్రం మాటెత్తాం గనుక నక్షత్రచేపనూ తలచుకోవాలి. దానికి తలా తోకా లేవు, అయిదు చేతులే. హైదరాబాదులో దాన్ని చూసే యోగం మనకు లేదు.

ఇక చెప్పు దెబ్బల వంశం. కీళ్ళున్న కాళ్ళు, ఒంటి పైన గట్టి కవచం వీటి గుర్తులు. కవచం పెరగదు గనుక ఒళ్ళు పెరిగినప్పుడల్లా విడిచేసి కొత్తది తొడుక్కుంటాయి. ఇక్కడ కాళ్ళు లెక్కపెడితే చాలు. ఆరు ఉంటే కీటకం. ఎనిమిది ఉంటే సాలీడో, తేలో. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో కనిపించే ఆ ఎర్రటి పట్టుబొట్టు ఆరుద్ర పురుగుకూ ఎనిమిదే. పేరుకు పురుగు, చుట్టరికం సాలీడుతో. వాకిళ్ళన్నీ సిమెంటు చేసుకున్నాం, మట్టిలోంచి అదెలా పైకొస్తుందండీ? పీతకు పది కాళ్ళు.

జెర్రికీ రోకలిబండకూ తేడా తెలియడం అన్నిటికన్న ముఖ్యం. పక్కింటి పిన్నిగారు రెండిటినీ ఒకే చెప్పుతో కొడుతుంది. “కాళ్ళెక్కువున్నదల్లా విషమే నాయనా” అంటుంది. జెర్రికి ఖండానికి ఒక్క జత కాళ్ళు, ఒళ్ళు చదును, పరుగు జాస్తి. తల వెనకాల మొదటి జత కాళ్ళే విషపు కొండీలుగా మారాయి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. శతపాది అంటారుగాని సరిగ్గా నూరు కాళ్ళు దానికెన్నడూ ఉండవు, జతల లెక్క ఎప్పుడూ బేసే. రోకలిబండ గుండ్రన, నిదానం. చాలా ఖండాలకు రెండేసి జతలు. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది, ఒక కంపు రసం వదులుతుంది. అది కంట్లో పడకుండా చూసుకుంటే చాలు. కరవదు. రాలిన ఆకులు తిని మట్టి చేస్తుంది.

ఆరుకాళ్ళ ప్రాణిని చులకన చేయకండి. ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది కదా, అక్కడ పండ్ల ఈగలను పెంచి పరిశోధిస్తారు. తల ఎక్కడ, తోక ఎక్కడ అని ఈగ ఒంటికి హద్దులు గీసే జన్యువుల బంధువులే మన ఒంట్లోనూ ఆ పని చేస్తున్నాయి. ఆ ఈగ జన్యువులను ఛేదించిన ముగ్గురికి 1995లో నోబెల్ వచ్చింది.

పోలికలు పట్టడం వల్ల ఎంత మేలు జరుగుతుందో చెప్పిన ఊరు కూడా మనదే. మలేరియా మోసే దోమ కోసం రొనాల్డ్ రాస్ 1895 నుంచి దోమలను కోసి చూశాడు. ఏళ్ళ తరబడి చూసినవి వేరే రకాలు, ఏమీ దొరకలేదు. చివరికి రెక్కల మీద మచ్చలున్న రకం చేతికి చిక్కింది. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించాడు, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆ దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పేరిట బేగంపేటలో సంస్థ ఉంది.

మీ ఇంటి తొట్టిలోనూ ఆ పోలిక పట్టవచ్చు. నీటి పైపొరకు సమాంతరంగా పడుకున్న పిల్లపురుగులు అనాఫిలిస్, అంటే మలేరియా జాతి. తోక గొట్టం పైకి పెట్టి తలకిందులుగా వేలాడేవి తక్కినవి. తక్కినవే కదా అని సంతోషించకండి: వాటిలో క్యూలెక్స్ బోదకాలు మోస్తుంది, ఏడిస్ డెంగీ మోస్తుంది. గుడ్డు రెక్కలు తొడగడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి శుక్రవారం శుక్రవారం తొట్టి వంపేసి, అడుగూ అంచులూ తోమి ఆరబెట్టండి. ఏడిస్ గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి.