రుసైల్ కబుర్లు: యాభై నిమిషాల పాఠం

మా పై ఫ్లాట్‌లో ఉండే అక్క ఇక్కడి ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. పోయిన నెల ఇడ్లీపిండి గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "మా ఫస్టియర్ పిల్లలకి ఒక్క క్లాసు నువ్వు చెప్పరాదూ? సగటుల గురించి. గెస్ట్ లెక్చరు, డబ్బులేం ఉండవు" అంది. నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. పెళ్లికి ముందు రెండేళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు కూడా చెప్పాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా ఏ ఫారం నింపినా ఉద్యోగం దగ్గర 'గృహిణి' అనే రాస్తున్నాను. సరేనన్నాను గానీ, తలుపు వేశాక కాళ్లు వణికాయి.

మా రుసైల్ మస్కట్ నుంచి నిజ్వా వెళ్లే దారి మొదట్లో ఉంటుంది. ఒక పక్క ఫ్యాక్టరీలు, ఇంకో పక్క నాలెడ్జ్ ఒయాసిస్ అనే ఐటీ పార్కు, కాస్త దూరంలో అల్ ఖూద్‌లో 1986లో తెరిచిన సుల్తాన్ కబూస్ యూనివర్సిటీ. చదువుకునే పిల్లల్ని రోజూ చూస్తూనే ఉంటాను. వాళ్ల ముందు నిలబడి మాట్లాడతానని మాత్రం అనుకోలేదు.

ముందు నా పాత నోట్సు తీశాను. అందులో ఉదాహరణలన్నీ పేకముక్కలు, లాటరీ టికెట్లు! అక్క చూసి పకపకా నవ్వింది. "ఇక్కడ పేకాటతో మొదలుపెట్టకు తల్లీ" అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ పిల్లల్లో చాలామంది పన్నెండో తరగతి దాకా అరబిక్‌లో చదివి, ఫౌండేషన్ కోర్సు చేసి, ఇప్పుడు ఇంగ్లిషులో పాఠాలు వింటున్నారట. 'మీన్'ని వాళ్లు 'అల్ ముతవస్సిత్' అంటారు, 'మీడియన్'ని 'అల్ వసీత్' అంటారు. ఆ రెండు మాటలూ తెలుగులో రాసుకుని వంటింట్లో పోపు వేస్తూ బట్టీ పట్టాను. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంటర్లో మొదటి నెలంతా బిత్తరపోయి కూర్చున్నదాన్ని, తెలిసిన మాట ఒక్కటి చెవినపడితే ఎంత ప్రాణం లేచివస్తుందో నాకు తెలుసు.

మరి ఉదాహరణ ఏది తీసుకోవాలి? మా వారు జీతాలు తీసుకోమన్నారు. ఎవరి జీతం ఎక్కువో అని పిల్లలు మొహాలు చూసుకునే లెక్క నాకు నచ్చలేదు. రెండు రోజులు ఆలోచించాక వాన తట్టింది. మస్కట్‌లో ఏడాదికి సగటున పడే వాన ఇంచుమించు వంద మిల్లీమీటర్లు. కానీ 2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని తాకినప్పుడు అల్ ఖాబూరాలో ఒక్కరోజులోనే మూడు వందల మిల్లీమీటర్లు దాటింది. ఈ పిల్లల్లో కొందరి ఊళ్లు ఆ తీరంలోనే ఉన్నాయట. అంతకంటే దగ్గరి ఉదాహరణ నాకెక్కడ దొరుకుతుంది?

బోర్డు కోసం ఏడేళ్ల వాన లెక్క ఒకటి కల్పించాను: 20, 35, 40, 55, 60, 70, 420. మొత్తం 700, సగటు సరిగ్గా 100. కానీ ఏడేళ్లలో ఆరేళ్లు వందకి దిగువే! వరసలో నడిమిది 55. 'మామూలు ఏడాది' ఎలా ఉంటుందో చెప్పేది ఈ 55 అని నా పాఠం. చిన్న అంకెలే కావాలని పెట్టాను, క్యాలిక్యులేటర్ కోసం ఎవరూ ఫోను తీయకూడదని.

ఉత్సాహం కొద్దీ ముప్ఫై ఎనిమిది స్లైడ్లు తయారయ్యాయి. ఫోనులో టైమర్ పెట్టుకుని చెప్పి చూస్తే సరిగ్గా యాభై నిమిషాలు, అదీ నా ఎక్స్‌ప్రెస్ వేగంతో. వేరే భాషలో వినేవాళ్లకి ఆ వేగం పనికిరాదు. కోయడం మొదలుపెట్టాను. జామెట్రిక్ మీన్ తీసేశాను, హార్మోనిక్ మీన్ తీసేశాను. స్టాండర్డ్ డీవియేషన్ తీయడానికి మాత్రం మనసు రాలేదు, అది వస్తేనే నేను చదువుకున్నదాన్నని వాళ్లకి తెలుస్తుందేమోనని! చివరికి అదీ పోయింది. తొమ్మిది స్లైడ్లు మిగిలాయి.

మూడో తరగతి చదివే మా వాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను. వాడికి వాన కథ నచ్చింది. "కానీ అమ్మా, ప్రశ్న అడిగి నువ్వే జవాబు చెప్పేస్తున్నావు. నేను ఎప్పుడు చెప్పాలి?" అన్నాడు. నిజమే. నిశ్శబ్దమంటే భయం నాకు. ప్రతి ప్రశ్న తర్వాత మనసులో పది లెక్కపెట్టాలని కాగితం మీద ఎర్ర సిరాతో రాసుకున్నాను. చివరి పది నిమిషాలు పూర్తిగా పిల్లలకే వదిలేశాను.

ఆ రాత్రి మన సి.ఆర్. రావు గారి కథ గుర్తొచ్చింది. హడగలిలో తెలుగింట పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివిన ఆయన, ఇరవైల్లో ఉండగానే కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెబుతున్నారు. పెద్ద శాంపిళ్లకి వర్తించే ఒక ఫలితం వివరిస్తుంటే దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిళ్లకి కూడా ఇలాంటిది రాబట్టలేమా అని అడిగాడు. రావు గారు ఇంటికెళ్లి ఆ రాత్రి కూర్చుని రాబట్టారు. 1945లో అచ్చయింది. అదే ఈనాటికీ అందరూ చదివే క్రామెర్-రావు అసమానత. ఆ దండేకర్ తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయ్యారు. ఎమ్మెస్సీలో ఆ సూత్రం మార్కుల కోసం చదివినప్పుడు, దాని వెనక క్లాసులో లేచి నిలబడిన ఒక కుర్రాడున్నాడని నాకెవరూ చెప్పలేదు.

క్లాసు రోజున కాటన్ చీర కట్టుకుని వెళ్లాను. 'అల్ వసీత్' అనగానే మొదటి వరస నవ్వింది, బహుశా నా ఉచ్చారణకి. పది లెక్కపెట్టడం మహా కష్టమైంది, ఏడు దగ్గరే రెండుసార్లు నోరు తెరిచాను. మొత్తానికి నలభై నిమిషాలకి పాఠం అయింది. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. వాళ్లది సువైక్ అట. "మేడమ్, మీరు 55 మంచిదన్నారు. మా ఊళ్లో వాదికి వంతెన కట్టే ఇంజినీరు 55 చూసి కడితే ఎలా?"

నా తొమ్మిది స్లైడ్లలో దానికి జవాబు లేదు. కట్టేవాడికి సగటూ వద్దు, నడిమిదీ వద్దు, ఆ 420 లాంటివి ఎన్నేళ్లకోసారి వస్తాయో కావాలి అని మాత్రం అనగలిగాను. "ఏడేళ్ల లెక్కతో అది తెలుస్తుందా?" అంది వెంటనే. తెలియదు, రాసి పంపిస్తానన్నాను.

ఆ రాత్రి గిన్నెలు సింకులోనే ఉండిపోయాయి. అతి పెద్ద విలువల లెక్కలు విప్పి పదేళ్లు దాటింది, మూడుసార్లు తప్పాను. ఒంటిగంటకి రెండు పేజీలు తేలాయి. పొద్దున అక్కకి ఇచ్చి పంపాను. గురువారం ఆ అమ్మాయి నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. ఇప్పుడు దానిమీదే కూర్చున్నాను.