చెవిలో చెప్పిన మాట - చేతిలో ఉన్న ఫోను

కొన్ని నెలల క్రితం ఒక కోడలు పిల్ల కోపంగా మా వార్డుకు వచ్చింది. పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లలు కలగడం లేదని అంతకు ముందు రెండుసార్లు ఒంటరిగా వచ్చి పరీక్షలు చేయించుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "మా అత్తకి మీరే చెప్పీసేరు కదా సిస్టరమ్మా?" అని అందరి ఎదుటా అడిగింది. మేము నివ్వెరపోయాం. ఆమె కేసు షీటు బీరువా దాటి వెళ్ళలేదు.

కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే సంగతి తెలిసింది. ఇంట్లో ఆడవాళ్ళిద్దరికీ ఒకటే ఫోను. డాక్టరమ్మ చెప్పిన జబ్బు పేరును ఆమె రాత్రి అందులో వెదికింది. మర్నాడు అత్తగారు వంటల వీడియోలు చూస్తుంటే సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. అత్తగారు అడిగారు, ఈమె తడబడింది. చెప్పింది ఫోను, మాట పడింది మేము. ఇంట్లో గొడవ వల్ల ఆమె రెండు నెలలు చికిత్సకు రాలేదు. మమ్మల్ని బాధపెట్టింది ఆ రెండు నెలలే.

ఇది ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు. మన అనకాపల్లి బజారులో మీరు ఏ సరుకు కొన్నారో ఆ కొట్టు యజమానికి గుర్తుండవచ్చు. పక్క కొట్టువానికి తెలియదు. ఇంటర్నెట్ అలా కాదు. ఒక మనిషి పుస్తకం పట్టుకొని ప్రతి కొట్టుకూ మీ వెనుకే వచ్చి, ఏది చూశారో, ఎంతసేపు నిలబడ్డారో రాసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మీరు తెరిచే పేజీలు కుకీలు అనే చిన్న గుర్తులను ఫోనులో వదులుతాయి. యాప్‌లు మీ ఫోనుకున్న ప్రకటనల నంబరును చదువుతాయి. వాటిని బట్టి మీకు ఏ ప్రకటన చూపాలో కంపెనీలు నిర్ణయిస్తాయి. ఆ సమయంలో ఫోను ఎవరి చేతిలో ఉందో వారికి పట్టదు.

ఆరోగ్యం విషయంలో ఇది ఊహ కాదు. ఆడవారు నెలసరి తేదీలు రాసుకునే ఫ్లో అనే యాప్, ఆ వివరాలను రహస్యంగా ఉంచుతామని చెప్పి ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరవేసిందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఆరోపించింది. 2021లో ఆ యాప్ వారు రాజీకి వచ్చారు. 2022లో అమెరికాలో పేరున్న ఆసుపత్రుల వెబ్‌సైట్లను పత్రికలవారు పరిశీలిస్తే, 100లో 33 చోట్ల రోగి అపాయింట్‌మెంట్ తీసుకునే సమాచారం ఫేస్‌బుక్‌కు వెళ్తున్నట్లు తేలింది. ఆసుపత్రులే జాగ్రత్త పడలేదంటే మేము కూడా సిగ్గుపడాలి.

అంత దూరం పోనవసరం లేదు. మన రాష్ట్రంలోనే 2018 జూన్‌లో బయటపడిన సంగతి ఉంది. పేదలకు తక్కువ ధరకు జెనరిక్ మందులు అమ్మే అన్న సంజీవని దుకాణాల వెబ్‌సైటులో, మందు కొన్నవారి పేరు, ఫోను నంబరు, కొన్న మందు ఎవరైనా చూసేలా ఉన్నాయని పత్రికలు రాశాయి. లైంగిక సమస్యలకు వాడే మాత్రలు కొన్నవారి వివరాలు కూడా వాటిలో ఉన్నాయి. అక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు. తాళం వేయడమే మరిచారు. చౌకగా మందు దొరుకుతుందని వెళ్ళిన పేదవాడు తన పరువును కూడా కౌంటరు మీద పెట్టి వచ్చినట్లయింది.

"మాకు దాచుకోవలసిందేముంది సిస్టర్?" అని కొందరు అంటారు. ముప్పై ఏళ్ళుగా వార్డులో ఉన్న మేము దానికి ఒప్పుకోలేము. మాట బయటకు పోతుందని భయపడి క్షయ మందులు మధ్యలో మానేసినవారిని చూశాం. రొమ్ములో గడ్డ ఉందని ఏడాది పాటు ఎవరికీ చెప్పని తల్లిని చూశాం. రహస్యం కాపాడడం మర్యాద కోసం మాత్రమే అనుకోవద్దు. అది చికిత్సలో భాగం. మాట నిలుస్తుందన్న నమ్మకం ఉంటేనే రోగి నిజం చెబుతాడు, నిజం చెబితేనే మందు సరిగా పడుతుంది. దీపం వెలిగించి ప్రమాణం చేసిన రోజున ప్రతి నర్సూ రోగి సొంత సంగతులను కాపాడతానని మాట ఇస్తుంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదనే చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ తరువాత 18 నెలల గడువుతో అమలులోకి వచ్చేలా పెట్టారు. మీ వివరాలు ఎందుకు అడుగుతున్నారో తెలుగులో చెప్పమని అడిగే వీలు, ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకునే వీలు ఆ చట్టంలో ఉన్నాయి. జాగ్రత్త భారమంతా రోగి మీద వేయడం న్యాయం కాదు. వివరాలు తీసుకున్నవారే కాపలా కాయాలి.

ఇక మన ఇంటి సంగతి. మన సంఘంలో ప్రార్థన అవసరతలు వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. ప్రేమతోనే పెడుతున్నారు, కాదనము. కాని రోగి పేరు, జబ్బు, వార్డు నంబరు, ఒక్కోసారి స్కానింగ్ రిపోర్టు ఫోటో కూడా వస్తున్నాయి. ఆ ఫోటో గ్రూపులో ఉన్న రెండు వందల ఫోన్లలో పడుతుంది, అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. "ఒక సహోదరి చికిత్సలో ఉంది, ప్రార్థించండి" అంటే చాలదా? దేవునికి రిపోర్టు అవసరం లేదు. తప్పు మా వైపు కూడా ఉంది. డ్యూటీ తొందరలో కేసు షీటు ఫోటో తీసి పంపిన సిస్టర్లు మాలో ఉన్నారు. ఇకమీదట మా వార్డుల్లో సొంత ఫోనుతో కేసు షీటు ఫోటో తీయకూడదని గట్టిగా చెప్పాం.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జబ్బు గురించి ముందు మమ్మల్నే అడగండి. ఫోనులో వెదికితే ఇంటివారి ఉమ్మడి ఫోనులో వద్దు. తప్పకపోతే గూగుల్ ఖాతాలోని మై యాక్టివిటీ అనే చోట ఆ వెదుకులాటను చెరిపేయండి. ఇన్‌కాగ్నిటో పేజీ మీ ఫోనులోని జాబితాను దాస్తుందే గాని, అవతలి వెబ్‌సైటు నుంచి దాచదు. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో గూగుల్, యాడ్స్ అనే చోట ప్రకటనల నంబరును తీసేసే వీలు చాలా ఫోన్లలో ఉంది. ఆరోగ్య యాప్ ఏదైనా మీ కాంటాక్టులు, మీరున్న చోటు అడిగితే వద్దనండి. ఆభా నంబరు తీసుకోవడం మీ ఇష్టం, బలవంతం లేదు. ఆధార్ కాపీ ఎవరడిగినా ఎందుకో అడిగి ఇవ్వండి.

భయపడి డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచవద్దు. ఆ కోడలు పిల్ల మళ్ళీ వస్తోంది. మొన్న వచ్చినప్పుడు తలుపు వేసి మరీ మాట్లాడింది. తలుపు బయట మేమే నిలబడ్డాం.