ఇంటిపేరే శ్రమ

మొన్న హాస్టల్లో కొందరం కలిసి ‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’ చూశాం. 2006లో వచ్చిన జర్మన్ సినిమా. పాత తూర్పు జర్మనీలో స్టాజీ అనే రహస్య పోలీసు విభాగం ఉండేది. అందులో ఒక అధికారి అటక మీద కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కింద ఇంట్లోని రచయిత మాటలన్నీ వింటుంటాడు. సినిమా అయ్యాక మావాడొకడు ఫోన్లో ఆ నటుడి వివరాలు వెతికి, “ఓస్, సీరియల్ యాక్టరా!” అన్నాడు. ఆ “ఓస్” దగ్గరే నాకు పేచీ.

ఆయన పేరు ఉల్రిష్ మ్యూహె. జర్మన్‌లో ‘మ్యూహె’ అంటే శ్రమ అని అర్థం. 1953లో తూర్పు జర్మనీలోని గ్రిమ్మాలో పుట్టాడు. ముందు నేర్చుకున్నది భవన నిర్మాణం పని (సివిల్ వాళ్లు కాలర్ ఎగరేయొచ్చు!). తర్వాత సైన్యంలో చేరి బెర్లిన్ గోడ దగ్గర కాపలా కాశాడు. ఆ తర్వాతే లైప్‌జిగ్‌లో నటన చదువుకుని నాటకాల్లోకి వచ్చాడు. 1983లో బెర్లిన్‌లోని డాయిషెస్ థియేటర్‌లో చేరాడు. అక్కడ హైనర్ ముల్లర్ దర్శకత్వంలో హామ్లెట్‌గా వేసిన నాటకం 1990లో మొదలైంది. ఒక్కో ప్రదర్శన ఏడు గంటల పైమాటే!

ఆ నాటకం రిహార్సల్స్ నడుస్తున్న రోజుల్లోనే దేశం మారిపోయింది. 1989 నవంబర్ 4న బెర్లిన్ అలెగ్జాండర్ ప్లాట్జ్‌లో రంగస్థల కళాకారులు పూనుకుని పెద్ద సభ పెట్టారు. లక్షల మంది వచ్చారు. ఒకప్పుడు గోడకి కాపలా కాసిన మ్యూహె ఆ సభ వేదిక మీద నిలబడి మాట్లాడాడు. ఐదు రోజులకి గోడ తెరుచుకుంది.

ఇక మావాడు “ఓస్” అన్న సీరియల్ సంగతి. దాని పేరుకి తెలుగులో ‘చివరి సాక్షి’ అని అర్థం. అందులో మ్యూహె శవపరీక్షలు చేసే డాక్టరు. 1998 నుంచి 2007 దాకా, డెబ్బైకి పైగా ఎపిసోడ్లు.

సీరియళ్లలో పడితే నటన అరిగిపోతుందంటారు. ఒక్క మాటకి ముగ్గురి మొహాలు మూడేసి సార్లు చూపించే మన సీరియళ్లు చూసి పెరిగాం కాబట్టి, ఆ అనుమానం నాకూ ఉంది. కానీ ఇక్కడ అలా జరగలేదే! సినిమాలో ఆ అధికారికి డైలాగులు తక్కువ, మొహం దాదాపు కదలదు. అయినా లోపల మనిషి మారుతున్నాడని మనకి తెలిసిపోతుంది. ఆ నిగ్రహం ఒక్క సినిమాతో వచ్చేది కాదు. ఏళ్ల తరబడి స్టేజీ మీద నిలబడ్డవాడికి, టీవీ కెమెరా ముందు అదే పాత్రని ఏటేటా మోసినవాడికి వస్తుంది. పైగా నిఘా ఉన్న దేశంలో బతికిన మనిషి. ఈ పాత్రకి ఎలా సిద్ధమయ్యారని అడిగితే, గుర్తు తెచ్చుకున్నానని చెప్పాడట.

2007 ఫిబ్రవరిలో ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది. జూలైలో మ్యూహె క్యాన్సర్‌తో పోయాడు. యాభై నాలుగేళ్లు. ప్రపంచం ఆయన్ని చూసింది కొన్ని నెలలే. పని చేసింది దాదాపు ముప్పై ఏళ్లు. మనం ఆ కొన్ని నెలల్నే కెరీర్ అంటాం, నాలుగేళ్ల చదువుని ఒక్క ప్యాకేజీ నంబరుతో కొలిచేసినట్టు.

మావాడికి ఇదంతా చెప్పాను. “సరేలే, ఆ సీరియల్ ఎక్కడ దొరుకుతుందో చూడు” అన్నాడు. వెతుకుతున్నాం.